శిఖంలో దిగే చలికాలపు చుట్టాలు

కార్తీకం దాటి చలి ముదిరిందంటే కారంజా వెనుక జలాల ఒడ్డున చేను ఉన్న రైతుకు తెల్లవారుజాము నిద్ర కరువే. చీకటి విడకముందే నీళ్ల మీంచి 'ఆంగ్... ఆంగ్' అంటూ ముక్కుతో పలికినట్టు అరుపులు మొదలవుతాయి. గుంపు లేచిందంటే ఏ శనగ మడిలోనో, గోధుమ మడిలోనో వాలడం ఖాయం. లేత మొలకల్ని గొర్రెలు మేసినట్టు మేసి, పొద్దెక్కేసరికి మళ్లీ నీళ్ల అంచుకు పోయి కూర్చుంటాయి. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల మీద రెండు నల్ల పట్టీలు. బార్ హెడెడ్ గూస్ అన్నది పుస్తకాల్లో పేరు. మన దగ్గర చాలామందికి అవి ఉత్త పెద్ద బాతులే. రైతు డబ్బా కొడతాడు, కేకలేస్తాడు, పటాకులు పేలుస్తాడు. ఆయన్ని తప్పు పట్టదలచినవాళ్లు ముందు ఆయన చేను చూసి వచ్చి మాట్లాడాలి.

అయితే ఆ బాతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ రైతే ఒక్క క్షణం డబ్బా దించుతాడేమో. మంగోలియా, టిబెట్ పీఠభూమి, మధ్య ఆసియా సరస్సుల దగ్గర అవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. అక్కడ నీళ్లు గడ్డకట్టే వేళకు బయలుదేరి హిమాలయాలు దాటి దక్కను దాకా వస్తాయి. వాటికి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంబడించిన శాస్త్రవేత్తలు 7,000 మీటర్లకు పైన కూడా ఎగురుతున్నట్టు చూశారు. మనిషి ఆక్సిజన్ సిలిండర్ వెతుక్కునే ఎత్తు అది. ఆ బాతు రక్తానికి పలచటి గాలిలోంచి కూడా ప్రాణవాయువును లాక్కునే గుణం ఉంది. 2011లో వెలువడిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. వెనకనుంచి తోసే గాలి కోసం అవి కాచుకుని కూర్చోవట. రాత్రిపూట, తెల్లవారుజామున, గాలి చల్లగా, దట్టంగా ఉన్నప్పుడు సొంత రెక్కల బలంతోనే కొండ దాటతాయట. అలా దాటి వచ్చిన ప్రాణి మన బీదర్ జిల్లాలో పిడికెడు శనగ మొలకల దగ్గర దొంగ అయిపోయింది.

ఇక్కడ మా పత్రికల వాళ్ల తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. చెరువులో తెల్లటి పక్షి కనిపిస్తే చాలు 'సైబీరియా పక్షులు వచ్చాయి' అని శీర్షిక పెట్టేయడం ఏళ్ల తరబడి మాకు అలవాటైపోయింది. మంజీరా ఒడ్డున కనిపించే ఎర్రకాళ్ల కొంగ సైబీరియాది కాదు. నత్తలు ఏరుకు తినే కొంగ, తెల్ల కంకణం, గూడబాతు కూడా కావు. అవి మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు, గూటికి చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతుంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న వీరాపురంలోనూ ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెట్టేవి ఇవే. దూరం నుంచి వచ్చేవి వేరు. ఈ పట్టీ తల బాతులు, సూదిలాంటి తోక ఉండే బాతులు, జొన్న చేల మీద మబ్బులా వాలే గులాబీ రంగు గోరింకలు, గడ్డి మైదానాల మీద తక్కువ ఎత్తులో తేలుతూ పోయే హారియర్ గద్దలు. మన కావ్యాల్లో విరహానికి పెట్టింది పేరైన జక్కవలు కూడా ఈ కోవలోవే. లడఖ్, టిబెట్ వైపు పిల్లల్ని చేసుకుని చలికాలానికి మన నీళ్ల దగ్గరికి దిగుతాయి. ఈ తేడా ఎందుకంటారా? ఊళ్లో గూడు కట్టే పక్షికి చెట్టు కావాలి. దూరం నుంచి వచ్చే బాతుకు చెట్టుతో పని లేదు. దానికి కావలసింది ఖాళీ ఒడ్డు, లోతు తక్కువ నీళ్లు, ఎవరూ లేపకుండా కాసేపు కూర్చునే జాగా. మొక్కలు నాటాం, పక్షుల్ని రక్షించాం అని ఫోటో దిగితే బాతుకు ఒరిగేదేమీ లేదు.

ఆ ఖాళీ ఒడ్డునే మన వైపు శిఖం అంటాం. భాల్కి తాలూకాలోని కారంజా జలాశయం కట్టింది సాగునీటికీ తాగునీటికీ. అలాగే అవతల సింగూరు. వాటిని ఎవరూ పక్షుల కోసం కట్టలేదు. వానాకాలంలో నిండిన నీళ్లు చలికాలం మొదలుకొని మెల్లగా వెనక్కి తగ్గుతుంటే బురద, పచ్చిక, నీటి మొక్కల దుంపలు బయటపడతాయి. బాతులు దిగేది సరిగ్గా అప్పుడే. పంపుసెట్లు దిగేదీ, నాగళ్లు దిగేదీ అప్పుడే. భూమి మునిగిన రైతు తన పాత చేనులో నీళ్లు తగ్గగానే మళ్లీ నాలుగు గింజలు వేసుకుంటే అందులో అన్యాయం ఏముంది? కానీ నీటి అంచు దాకా దున్నేస్తే బాతుకు మిగిలేది ఆ రైతు మొలకే. చుట్టూ పచ్చిక ఉంటే అది పచ్చికే మేస్తుంది. అంచున కొంత మేర వదిలిపెట్టమని రైతును అడగాలంటే ఊరకే అడిగితే కుదరదు. ఆ నష్టం ఎంత, ఎవరు కట్టిస్తారు అన్నది ముందు తేల్చాలి. అడవి పంది మేసిన చేను గురించి మాట్లాడినంతగా బాతు మేసిన చేను గురించి మన సభల్లో ఎవరైనా మాట్లాడారా? మేం వినలేదు.

1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. ఆ వివరాలు తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అప్పుడు బీదర్ నిజాం రాజ్యంలో ఒక జిల్లా. జహీరాబాద్, న్యాల్‌కల్, నారాయణఖేడ్ ఆ జిల్లావే. ఉద్గిర్, నీలంగా కూడా ఆ జిల్లావే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ వైపు మైసూరుకు పోయింది. నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గిర్ వైపు బొంబాయికి వెళ్లాయి. 2014లో ఆ మధ్య ముక్క తెలంగాణ అయింది. చుట్టరికాలు మాత్రం తెగలేదు. ఇప్పటికీ ఇటు పిల్లనిచ్చి అటు పిల్లను తెచ్చుకుంటూనే ఉన్నాం. మంజీరా కూడా తెగలేదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి లాతూరు, బీదర్ జిల్లాలు దాటి, సింగూరు, నిజాంసాగర్ నింపి గోదావరిలో కలిసే 724 కిలోమీటర్ల నది అది. కారంజా దానికి ఉపనది. ఈ మొత్తం నీటినీ బాతు ఒకే ఊరిగా చూస్తుంది. ఇవాళ కారంజాలో లేపితే రేపు సింగూరులో దిగుతుంది. అక్కడ లేపితే ఇంకా కిందికి పోతుంది.

కాగితాల్లో మాత్రం అది ఒకే ఊరు కాదు. సంగారెడ్డి వైపు సింగూరు ఆనకట్ట దిగువన మంజీరా అభయారణ్యం 1978 నుంచి ఉంది. మొసళ్లతో పాటు పక్షులకు కూడా అది ఆశ్రయం. ఎగువన, అభయారణ్యం గీత బయట ఉన్న నీళ్లలో ఏం జరిగినా పట్టించుకునేవాళ్లు తక్కువ. చట్టం అలా చెప్పలేదు సుమా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యం లోపలి పక్షికి ఒకటి, బయటి పక్షికి ఒకటి కాదు. చెరువులో ఉన్నా, చేనులో ఉన్నా, సంతలో బుట్టలో ఉన్నా అడవి పక్షిని పట్టడం నేరమే, జైలు ఉంది. అయినా గుళికల మందు కలిపిన గింజలు చల్లి బాతుల్ని చంపే పాడు పద్ధతి దేశంలో చాలాచోట్ల పోలేదు. ఆ మాంసం తిన్నవాడి కడుపులోకీ ఆ మందే పోతుందని ఎవరైనా చెప్పాలి. కౌజు పిట్టల సంగతి మరీ చిత్రం. ఫారంలో పెంచిన కౌజు అమ్మడం తప్పు కాదు కాబట్టి వల వేసి పట్టినదాన్ని కూడా దాని పేరుతోనే చలామణి చేయవచ్చు. పళ్లెంలోకి వచ్చాక తేడా ఎవడు చెప్పగలడు?

తుపాకీ కంటే ఎక్కువ చెరుపు చేసేది నీళ్లు లేకపోవడం. 2015-16 కరవు మనమెవరం మరిచిపోలేదు. లాతూరుకు 2016 ఏప్రిల్‌లో రైలు వ్యాగన్లలో నీళ్లు మోయాల్సి వచ్చింది. సింగూరు అడుగంటింది. మనుషులకే దిక్కులేనప్పుడు బాతుల మాట ఎవరెత్తుతారు అనడం సులభమే. కానీ నది ఇసుకను లారీలకెత్తి, వాగు ఒడ్డుల్ని చదును చేసి, ఆ తర్వాత వాన రాలేదని ఏడ్చేది కూడా మనమే. పక్షి దిగని చెరువు ముందు తనకేదో రోగం ఉందని చెబుతోంది. మన తాగునీరు కూడా ఆ చెరువుదే.

రోగం అంటే గుర్తొచ్చింది. బర్డ్ ఫ్లూ అన్న మాట వినబడిన ప్రతిసారీ నేరం వలస పక్షి మీదకు పోతుంది. వాటికి ఆ జబ్బు రాదని కాదు. 2005లో చైనాలోని చింగై సరస్సు దగ్గర వేలాది పక్షులు దానితోనే చచ్చాయి, వాటిలో ఎక్కువ ఈ పట్టీ తల బాతులే. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ల ఫారాల్లో మన దేశంలో మొదటిసారి బయటపడింది. 2025 జనవరిలో మన పక్కనే ఉద్గిర్‌లో కాకులు రాలిపోతే పరీక్షల్లో అదే తేలింది. అయితే ఆ వైరస్ కోళ్ల లారీల్లో, గుడ్ల ట్రేల్లో, చెప్పుల కింద బురదలో కూడా ప్రయాణం చేస్తుంది. చచ్చిన పక్షి కనిపిస్తే చేత్తో ముట్టకుండా, కుక్కలు లాగకుండా చూసి పశువైద్య శాఖకు చెప్పాలి. బతికున్న గుంపును రాళ్లతో తరిమితే జబ్బు ఉన్నదే అయితే ఇంకో నాలుగు చెరువులకు మనమే పంపినవాళ్లమవుతాం.

పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్లకూ ఒక మాట. ఈ మధ్య కెమెరాలు పెరిగాయి, సంతోషమే. పిల్లలకు బైనాక్యులర్ ఇచ్చి ఒడ్డున కూర్చోబెట్టే తండ్రులు కూడా కనిపిస్తున్నారు, ఇంకా సంతోషం. కానీ ఎగిరే ఫోటో కావాలని చప్పట్లు కొట్టి గుంపును లేపడం, ఎండిన శిఖంలోకి జీపు తోలడం, డ్రోన్ ఎగరేయడం ఏం వేడుక? మార్చిలో తిరుగు ప్రయాణానికి ముందు ఆ బాతు తిన్న ప్రతి మేతా కొవ్వుగా దాచుకుంటుంది. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. డబ్బా కొట్టే రైతుకు కనీసం పంట పోతుందన్న బాధ ఉంది. వీళ్లకు ఏముంది?

మన పాలపిట్ట సంగతి చూడండి. కర్ణాటకకూ అదే రాష్ట్ర పక్షి, తెలంగాణకూ అదే. దసరా నాడు ఇటు బన్ని, అటు జమ్మి. ఆకు పేరు మారినా పాలపిట్టను చూస్తే శుభం అన్న నమ్మకం రెండు వైపులా ఒక్కటే. చేను గట్టు మీద తీగ మీద కూర్చున్నదాన్ని చూసి దండం పెట్టుకునే రోజులు పోయి, పంజరంలో బంధించి తెస్తే పది రూపాయలిచ్చి చూసే రోజులొచ్చాయి. దాన్ని పట్టడం నేరం, చూపించి డబ్బులు తీసుకోవడమూ నేరమే. 2023లో వెలువడిన దేశ పక్షుల స్థితిగతుల నివేదిక పాలపిట్ట సంఖ్య తగ్గుతోందని, దాని పరిస్థితిని మళ్లీ అంచనా వేయాలని చెప్పింది. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 204 తగ్గాయని ఆ నివేదికే చెప్పింది. ఆ లెక్కకు ఆధారం పెద్ద ఆఫీసుల ఫైళ్లు కావు. దేశమంతటా మామూలు జనం తాము చూసిన పిట్టల్ని రాసి పెట్టిన జాబితాలు.

అలాంటి జాబితాయే మంజీరాకు కావాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల గణన జరుగుతోంది. ఈ నది మీద అది మూడు రాష్ట్రాల్లో మూడు వేరు వేరు రోజుల్లో జరిగితే లాభం లేదు. ఒకే బాతును రెండుసార్లు లెక్కపెట్టినా పెట్టొచ్చు, అసలు పెట్టకపోనూవచ్చు. కారంజా, సింగూరు, మంజీరా అభయారణ్యం, నిజాంసాగర్‌లలో ఒకే ఆదివారం, ఒకే పొద్దున లెక్క పెట్టాలి. బీదర్ అటవీ అధికారులూ సంగారెడ్డి, కామారెడ్డి అధికారులూ అందుకు డిసెంబర్‌లోనే ఒకసారి కలిసి కూర్చోవాలి. బీదర్ నుంచి జహీరాబాద్‌కు బస్సులో పోయి వచ్చేంత దూరానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. లెక్కకు కాలేజీ పిల్లలతో పాటు జాలర్లను పిలవాలి. ఏ మూల ఏ బాతు ఎప్పుడు దిగుతుందో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. వాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి. అదే రోజు బాతు మేసిన చేలను రెవెన్యూ వాళ్లు నడిచి చూసి రాసుకోవాలి.

ఒడ్డున బోర్డులు పెడతామంటే కన్నడ, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగింట్లోనూ పెట్టండి. వల విసిరేవాడు, విత్తు వేసేవాడు, కెమెరా పట్టుకొచ్చేవాడు ఇక్కడ ఈ నాలుగు భాషల వాళ్లూ ఉన్నారు. బోర్డు మీద మంత్రిగారి బొమ్మకు బదులు బాతు బొమ్మ వేస్తే చదువురాని వాళ్లకు కూడా అర్థమవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అవి వెళ్లిపోతాయి కాబట్టి ఈ పనులు ఎండాకాలానికి వాయిదా వేస్తే చూడటానికి శిఖంలో బర్రెలు తప్ప ఏమీ ఉండవు.