చిప్పు చచ్చిపోలేదు తమ్ముడూ, బోర్డు చూడు



డిప్లొమా, బీటెక్ ఫైనల్ ఇయర్ వాళ్లకు ఇది ప్రాజెక్టుల కాలం. మన పిల్లలు చాలామంది మళ్లీ సిటీకి పోయి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తున్నారు. ఎందుకురా అంటే ఒకటే మాట: "అన్నా, బోర్డు చేసినం, కానీ ప్రోగ్రాం ఎక్కట్లేదు. ఒకసారి ఎక్కుతది, నాలుగుసార్లు ఎక్కదు." అక్కడే ఆగిపోతున్నారు. అక్కడ ఆగొద్దని చెప్పడానికే ఈ పోస్ట్.

నేనూ అక్కడే ఆగిపోయిన. మా గూడెం వాటర్ ట్యాంకు నిండితే మోటరు దానంతటదే బంద్ అయ్యే బోర్డు చేద్దామనుకున్న. ఇస్త్రీపెట్టెతో టోనర్ అద్ది, ఫెర్రిక్ క్లోరైడ్‌లో కడిగి, సొంతంగా చేసిన బోర్డు. చిప్పు ఏట్‌మెగా328పి, ప్రోగ్రామర్ యూఎస్‌బీఏఎస్‌పీ. "టార్గెట్ డజ్ నాట్ ఆన్సర్" అని వస్తే ల్యాబ్‌లో "చిప్పు పోయింది, మార్చు" అన్నరు. మార్చిన. మళ్లీ అదే. మూడు చిప్పులు మార్చిన, మెస్ పైసల్లోంచి. పక్కనోడు "ఇవన్నీ మీవాళ్లతోని కాదులే" అన్నడు. ఆ మాట చిప్పు ధర కంటే ఎక్కువ కొట్టింది.

తర్వాత తెలిసింది, తప్పు చిప్పుది కాదు, నా బోర్డుది. ఒకటి కాదు, నాలుగు తప్పులు.

మొదటిది కరెంటు. 7వ పిన్నుకు 5 వోల్టులు ఇచ్చిన గానీ, 20వ పిన్ను ఏవీసీసీని వదిలేసిన, ఏడీసీ వాడట్లేదు కదా అని. వాడకపోయినా ఇవ్వాల్సిందే. 8, 22 రెండు గ్రౌండ్లూ కలపాలి. ప్రతి సప్లై పిన్ను పక్కనే, అంటుకున్నట్టు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. బోర్డు ఆ చివరన పెడితే లాభం లేదు.

రెండోది వేగం. కొత్త చిప్పు లోపలి క్లాక్ 1 మెగాహెర్ట్జ్ మీదనే నడుస్తది. ప్రోగ్రామర్ క్లాక్ అందులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375తో పోతది. ఏవీఆర్‌డ్యూడ్‌లో "-బి 10" పెట్టండి. "కెనాట్ సెట్ ఎస్‌సీకే పీరియడ్" అని హెచ్చరిక వస్తే మీ ప్రోగ్రామర్ ఆ మాట వినట్లేదని అర్థం. అప్పుడు దాని మీద స్లో జంపర్ వేయండి.

మూడోది రిలే. ప్రోగ్రాం ఎక్కేటప్పుడు చిప్పు రీసెట్‌లో ఉంటది, పిన్నులు గాలిలో వేలాడుతుంటయి. నా రిలే టకటకా కొట్టుకునేది, యూఎస్‌బీ కరెంటు పడిపోయేది. ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కు 10కె రెసిస్టర్ వేస్తే సద్దుమణిగింది. రీసెట్ పిన్నుకూ 10కెతో పైకి కట్టు ఉండాలి. ఎస్‌సీకే, మోసీ, మీసో తీగల మీద ఎల్‌ఈడీలు, సెన్సార్లు వేలాడదీయొద్దు. కేబుల్ జానెడు మించొద్దు.

నాలుగోది రాగి గీత. కంటికి కనబడని పగులు. వేలుతో నొక్కితే పని చేసేది, వదిలేస్తే ఆగేది. మల్టీమీటర్ బీప్ పెట్టి చిప్పు కాలు నుంచి కనెక్టర్ దాకా ఒక్కో గీత చూస్తే దొరికింది.

ఇంకొకటి. సిగ్నేచర్ చదివిన ప్రతిసారీ వేరే వేరే అంకెలొస్తే కరెంటు, వేగం, తీగ చూడండి. ఎప్పుడూ ఒకే అంకె వచ్చి అది మాత్రం తేడాగా ఉంటే చిప్పు పేరు తప్పు ఇచ్చారేమో చూడండి. 328పికి 1ఇ950ఎఫ్, పి లేని 328కి 1ఇ9514.

చిప్పులు నిజంగా పోవా అంటే, పోతయి. ఫ్యూజులు తప్పు రాసినా మూగబోతయి. క్రిస్టల్ లేకుండా క్రిస్టల్ ఫ్యూజ్ పెడితే పలకదు. అదీ చావు కాదు, బయటినుంచి క్లాక్ ఇస్తే లేస్తది. అందుకే నేననేది, చిప్పు మీద అనుమానం అన్నిటికంటే చివర రావాలి.

"మార్కులు వస్తే చాలు కదా అన్నా, కొంటే ఏంది" అంటారు కొందరు. వైవాలో బాక్స్ మూత తెరిచి "ఇదెందుకు పెట్టావ్" అని అడిగితే ఏం చెప్తవ్? రేపు ఇంటర్వ్యూలో? ఊళ్లో మోటరు స్టార్టర్ ఆగితే? కొన్నదానికి మనం సమాధానం చెప్పలేం. చెడిపోయి, వెతికి, బాగుచేసినదానికి చెప్పగలం.

నేను తీసేసిన ఆ మూడు చిప్పులూ అగ్గిపెట్టెలో దాచిన. బోర్డు బాగయ్యాక ఒక్కొక్కటీ పెట్టి చూసిన. మూడూ పలికినయ్. నాకు బాగలేదన్న మూడూ బాగనే ఉన్నయ్, వాటిని పెట్టిన బోర్డే బాగలేదు.

ఎవరి బోర్డు మొండికేస్తే ఆ ఫొటో, వచ్చిన ఎర్రర్ కింద పెట్టండి. కలిసి చూద్దాం. కొనడానికి మాత్రం బస్ ఎక్కకండి.