తనిఖీలు సరే.. ఫలితమేదీ?

ఉద్యోగి సరిగా పనిచేయడం లేదంటే తనిఖీలు పెంచడం, మెమోలు జారీ చేయడం ప్రభుత్వ కార్యాలయాల్లో ఏళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. ప్రవర్తనా విశ్లేషకులు మాత్రం వ్యక్తిని నిందించే ముందు మూడు ప్రశ్నలు వేస్తారు. ఏం చేయాలో అతనికి స్పష్టంగా తెలుసా? చేసేందుకు తగిన నైపుణ్యం, వనరులు ఉన్నాయా? చేస్తే ఏం దక్కుతుంది, చేయకపోతే ఏం జరుగుతుంది? ఈ మూడోదే తరచూ విస్మరణకు గురవుతోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల ప్రభుత్వ పాఠశాలల్లో 2005లో మొదలైన ప్రయోగాలు ఇందుకు తార్కాణం. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వీటి ఫలితాలను విశ్లేషించారు. వంద పాఠశాలల్లో విద్యార్థులు ఎక్కడ వెనకబడ్డారో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేసి, అప్పుడప్పుడు తరగతులను పరిశీలించారు. పరిశీలకులు ఉన్నంతసేపు బోధన చురుగ్గానే సాగింది. మార్కులు మాత్రం పెరగలేదు. తనిఖీ రోజున బడి కళకళలాడటం గ్రామస్థులకు కొత్తేమీ కాదు!

మరో 200 పాఠశాలల్లో విద్యార్థుల మార్కుల పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ప్రకటించారు. అది సగటున ఏడాది వేతనంలో మూడు శాతమే. అయినా రెండేళ్లకు అక్కడి పిల్లలు గణితంలోను, భాషలోను ఇతర బడుల పిల్లలను మించిపోయారు. విశేషమేమిటంటే, ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజుల్లోనే హోంవర్కు, అదనపు తరగతులు, సాధన పరీక్షలు పెంచారు. బోనస్‌ను మార్కులతో ముడిపెట్టారు గానీ హాజరుతో ముడిపెట్టలేదు.