కంటికి గానరాని లేఖరి

ఉదయము మొదలు రాత్రివరకు ఒక గృహమున ఎన్ని పనులు జరుగునో లెక్కించినచో మనకే ఆశ్చర్యము కలుగును. ఇక మన దేహమునందలి ఒక్కొక్క జీవకణమున జరుగు పనులను లెక్కింపబూనుట ఎవ్వరి తరమును గాదు. ఆ పనులలో ముఖ్యమైన దాని నొకదానిని ఈ నెల మీకు తెలుపదలచితిమి. అది నకలు వ్రాయు పని. దానిని చేయు లేఖరి కంటికి గానరాడు. అట్టివానిని ఒంటిగా పట్టి, వాని అడుగులు కొలిచి, వాడెచ్చట నిలుచునో, ఎచ్చట వెనుకకు మరలునో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్షయరోగమునకు మనము వాడు మందొకటి యీ జాతి లేఖరినే అడ్డగించి పనిచేయుచున్నది. కావున ఈ విషయము వినోదార్థము మాత్రమే కాదు.

మూలగ్రంథము – నకలు

మన దేహమునందలి దాదాపు ప్రతి కణములోను తలిదండ్రులనుండి వచ్చిన మూలగ్రంథ మొకటి కలదు. దానికే డి.ఎన్.ఏ. అని పేరు. అది రెండు పేటల పురిత్రాడువంటిది. అందలి అక్షరములు నాలుగే. ఒక్క కణములోని త్రాళ్ల నన్నిటిని కొసకు కొస చేర్చి సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. మందము మాత్రము మిల్లీమీటరులో 5 లక్షలవ వంతు. 1952లో లండను కింగ్స్ కళాశాలయందు రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషి పర్యవేక్షణమున తీయబడిన ఎక్స్‌రే చిత్రమొకటి ఈ పురి ఆకారమును తేటపరచినది. మరుసటి యేడు వాట్సన్, క్రిక్ అనువారు దాని నిర్మాణమును ప్రకటించిరి. ఆమె 1958లో, 37వ యేట, మరణించినది.

ఇట్టి మూలగ్రంథమును కణము తన పెట్టెనుండి వెలికి తీయదు. కావలసిన ప్రకరణమునకు మాత్రము నకలు వ్రాయించి బయటికి పంపును. ఆ నకలు ఆర్.ఎన్.ఏ.; వ్రాయు లేఖరి ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అను ప్రోటీను. ఈ లేఖరి త్రాటి రెండు పేటలను కొద్దిమేర విడదీసి, ఒక పేటను చదువుచు, అక్షరము వెంట అక్షరము కూర్చుచు పోవును. విడదీసిన పేటలు వెనుక మరల కలియును. నకలును చూచి కణము ప్రోటీనులను చేసికొనును. కాలేయములోని కణమునకును, క్లోమములోని కణమునకును మూలగ్రంథ మొక్కటే. క్లోమమునందు ఇన్సులిన్ ప్రకరణము నకలగును, కాలేయమునందు కాదు. ఏ ప్రకరణము ఎప్పుడెంత వ్రాయబడునో దానినిబట్టియే కణముల తీరు ఏర్పడుచున్నది.

గుంపును విడిచి ఒక్కరిని చూచుట

చిరకాలము శాస్త్రజ్ఞులు ఈ లేఖరులను గుంపులుగానే పరీక్షించిరి. గాజునాళికలో కోట్లకొలది లేఖరులను, త్రాళ్లను కలిపి, కొంతసేపటికి ఎంత నకలు తయారైనదో కొలుచుచుండిరి. ఇందువలన సగటు తెలియును గాని ఒక్కొక్కరి నడత తెలియదు. పెండ్లివారింట నూరుగురు స్త్రీలు కూడి వడ్లు దంచుచున్నారనుకొనుడు. వీథిలో నిలిచి వినువారికి ఎడతెగని రోకటిమ్రోతయే వినవచ్చును. అందొకతె చెమట తుడుచుకొనుటకు ఆగినదనియు, వేరొకతె చెరుగుటకు కూర్చున్నదనియు వారికెట్లు తెలియును? లోనికి వచ్చి ఒక్కతెను కనిపెట్టి చూచినగాని తెలియదు.

ఆ విధముగా ఒక్క లేఖరిని కనిపెట్టు ఉపాయమును 1991లో షేఫర్, గెల్లెస్, షీట్జ్, లాండిక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. లేఖరిని గాజుపలకకు అంటించి, వాడు పట్టిన త్రాటి కొసకు మిక్కిలి సూక్ష్మమైన బంగారపు రేణువును కట్టిరి. నీటిలో ఆ రేణువు ఎప్పుడును అటునిటు కదలుచుండును. గుంజకు కట్టిన ఆవు మేయు వలయము పలుపు పొడవునుబట్టి పెద్దదో చిన్నదో అగును గదా! అట్లే లేఖరి త్రాటివెంట జరిగినకొలది రేణువు తిరుగు వలయము మారుచుండును. దానిని సూక్ష్మదర్శినిలో చూచి వారు లేఖరి వేగమును కనుగొనిరి. రేణువు కనబడును, లేఖరి కనబడడు. అయినను వాని నడక తెలిసిపోయినది.

అంతకంటె మేలైన సాధనము కాంతితో చేసిన పట్టకారు. గురిపెట్టి కూర్చిన లేజరు కాంతికి సూక్ష్మమైన గుళికను తన నడుమకు లాగి నిలుపుకొను గుణము కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆర్థర్ ఆష్కిన్ 1986లో దీనిని నిరూపించెను. ఇందులకై 2018లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినప్పుడు ఆయన వయస్సు 96 సంవత్సరములు.

ఈ పట్టకారుతో త్రాటి కొసనున్న గుళికను పట్టి లేఖరి బలమును కొలిచిరి. 1998లో మిషెల్ వాంగ్ అను విదుషియు, స్టీవెన్ బ్లాక్ మొదలగువారును ఇ. కోలై అను బాక్టీరియాలోని లేఖరిని తీసికొని, వాడు ముందుకు సాగుచుండగా త్రాటిని వెనుకకు లాగి చూచిరి. సుమారు 25 పైకోన్యూటన్ల బలముతో లాగువరకు వాడు ఆగలేదు. ఆ బలమెంతయో తెలియుటకు ఒక పోలిక చెప్పెదము. ఆ లేఖరి నివసించు బాక్టీరియా మొత్తపు బరువునకు అది దాదాపు రెండువేల రెట్లు!

ఇక అడుగు పొడవు. త్రాటిపై అక్షరమునకు అక్షరమునకు నడుమ దూరము 0.34 నానోమీటరు. నానోమీటరనగా మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. మన తలవెండ్రుక మందములో అట్టి అడుగులు రెండులక్షలకు పైగా పట్టును. గదిలోని గాలి కదలికకే లేజరు కాంతి చలించి ఇంత సూక్ష్మమైన కొలత చెడిపోవును. అందుచేత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బ్లాక్ పండితుని బృందము కాంతి పోవు దారిని హీలియము నింపిన పెట్టెలో బంధించినది. 2005లో వారు ప్రకటించిన అడుగు సుమారు 0.37 నానోమీటరు. కొలతయందు తప్పనిసరియగు తేడాను లెక్కించినచో ఇది అక్షరమునకు ఒక్కొక్క అడుగే యని స్పష్టము.

నిలుచుట, వెనుకకు మరలుట

ఒంటిగా చూచినప్పుడు బయటపడిన వింత మరొకటి కలదు. లేఖరి ఒక్క తీరున పరుగెత్తడు. ప్రయోగములలో సెకనుకు పది పదునైదు అక్షరములు వ్రాయుచు సాగి, నడుమ నడుమ ఆగును. ఆ విరామములు చాలవరకు కొన్ని సెకనులు మాత్రమే. ఒక్కొక్కమారు మాత్రము చాలసేపు కదలడు. ఈ దీర్ఘవిరామముల కారణమును 2003లో ప్రకటింపబడిన ప్రయోగములు తెలిపినవి. అప్పుడు లేఖరి సుమారు 5 అక్షరముల మేర వెనుకకు జరుగుచున్నాడు. నకలులో తప్పు పడునట్టి పదార్థమును శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకముగా కలిపినప్పుడు ఇట్లు మరలుట హెచ్చినది. వెనుకకు జరిగిన పిమ్మట చివరి తునకను కత్తిరించివేసి, అచ్చటినుండి మరల సరిగా వ్రాయుటకు వీలు కలుగును. ఇందుకు తోడ్పడు సహాయక ప్రోటీనులును కలవు. అల్లికలో ఒక కుట్టు తప్పినప్పుడు నాలుగైదు కుట్లు విప్పి మరల అల్లుట మీ రెరుగనిది కాదు. దూరమునుండి చూచువారికి అది ఆలస్యముగా తోచును. అల్లునామెకు అదియే పని.

త్రాటి పురియు లేఖరికొక చిక్కు. పురిత్రాటి పేటల నడుమ వ్రేలు దూర్చి ముందుకు త్రోసినచో ముందటి పురి బిగియును, వెనుకటిది వదులగును. లేఖరి సాగినప్పుడును ఇట్లే. కార్నెల్ విశ్వవిద్యాలయమున మిషెల్ వాంగ్ బృందము 2013లో ప్రకటించిన ప్రయోగమున, పురి మిక్కిలి బిగిసినప్పుడు లేఖరి నిలిచిపోయెను. బిగువు సడలించిన పిమ్మట మరల పని సాగించెను. కణములో ఈ బిగువును సడలించుటకు వేరు ఎంజైములు నియోగింపబడి యున్నవి.

మన యింటితో సంబంధము

క్షయరోగమును కలిగించు బాక్టీరియాకును ఇట్టి లేఖరి కలదు. వాడు వ్రాయనిచో అది బ్రతుకజాలదు. రిఫాంపిసిన్ అను మందు ఆ లేఖరిలో నకలు వెలువడు దారికి అడ్డముగా కూర్చుండును. రెండు మూడు అక్షరములు కూర్చబడునంతలో దారి మూసికొనిపోయి పని ఆగును. మన కణములలోని లేఖరి నిర్మాణము వేరగుటచేత ఈ మందు దానిని ఆపదు.

అయితే బాక్టీరియా మూలగ్రంథమున ఆ లేఖరిని నిర్మించు ప్రకరణము కూడ కలదు. అందొక్క అక్షరము మారినను మందు కూర్చుండు చోటు మారిపోవచ్చును. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయబాక్టీరియాలలో నూటికి 95కు మించినవాటిలో ఈ మార్పు 81 అక్షరముల చిన్న భాగములోనే కనబడుచున్నది. ఆ భాగమును పరీక్షించి సుమారు రెండు గంటలలో ఫలితము తెలుపు యంత్రపరీక్షను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో ఆమోదించినది. మన దేశమున దీనిని సీబీనాట్ అందురు.

కోట్లకొలది బాక్టీరియాలలో ఇట్టి మార్పు గలవి ఏ కొన్నియో మొదటినుండియు ఉండవచ్చును. అందువలననే నాలుగు మందులు కలిపి యిత్తురు. ఒకదానికి తప్పించుకొనినది మరియొకదానికి చిక్కును. మందులు నడుమ మానినచో, లేక వానిలో ఒకటి రెండు విడిచినచో, మొండివి మిగిలి వృద్ధిపొందును. పిదప చికిత్స దీర్ఘమును కష్టతరమును అగును. ఆ మొండిరోగమే ఇంటిలోని బిడ్డలకును అంటవచ్చును.

చికిత్స సాధారణముగా 6 నెలలు సాగును. తరుచుగా రెండవ నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి “నాకు నయమైనది, ఇక మందెందుకు?” అనును. ఇంట మందు వేళకు అందించు తల్లియో, భార్యయో, కోడలో గట్టిగా నిలువవలసినది అప్పుడే. ఈ మందువలన మూత్రము, చెమట, కన్నీరు నారింజవర్ణము దాల్చును, దానికి భయపడవలదు. కన్నులు పచ్చబడినను, వాంతులు ఆగకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

స్త్రీలు ప్రత్యేకముగా ఎరుగవలసిన సంగతి యొకటి మిగిలినది. రిఫాంపిసిన్ మన లేఖరిని ఆపదంటిమి. కాని కాలేయములో మందులను విరుగగొట్టు ఎంజైముల ప్రకరణమును మరింత అధికముగా వ్రాయించును. ఆ కారణమున సంతాననిరోధక మాత్రలు త్వరగా విరిగి వాని బలము తగ్గును. ఆ మాత్రలు వాడుచున్నవారు సిగ్గుపడి దాచక వైద్యునితో ముందుగనే చెప్పి, వేరు మార్గము నడిగి తెలిసికొనవలెను. ఇతర మందులు వాడుచున్నవారును అట్లే చెప్పవలెను.

ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో క్షయకు పరీక్షయు మందులును ఉచితముగా లభించుచున్నవి. రెండు వారములకు మించి దగ్గు వదలనివారు మీ యింటనున్నను, పొరుగింటనున్నను, వారిని నేడే అచ్చటికి పంపుడు. మందు మొదలిడినవారికి చివరి మాత్రవరకు తోడుండుడు.