నికాహ్‌నామాకు ఎన్ని ముద్రలు?

గత రంజాన్‌కు ముందు ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగుతుండగా ఒక తల్లి, ఆమె కుమార్తె నా కోసం ఎదురుచూస్తూ కనిపించారు. అమ్మాయి భర్త షార్జాలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. కుటుంబాన్ని పిలిపించుకోవడానికి తగిన జీతం అతనికి ఈమధ్యనే వచ్చింది. ఇక కావలసిందల్లా ఈమె అతని భార్య అని చెప్పే కాగితం. ఆ కాగితం వారి దగ్గర ఉంది. ఖాజీ సాహెబు, వకీలు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేసిన నికాహ్‌నామాను ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చారు.

"చాచా, ఇది అక్కడ చెల్లదంటున్నాడు ఏజెంటు. ఆయన వచ్చే నెల సెలవు మీద వస్తే ఇద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి మళ్లీ పెళ్లి చేసుకోవాలట" అన్నది అమ్మాయి. తల్లి ఏమీ అనలేదు. ఊరంతా వచ్చి వలీమా తిన్న నాలుగేళ్లకు కుమార్తె పెళ్లి చెల్లదని ఎవరో చెప్తే ఆమె మాత్రం ఏమంటుంది?

ఏజెంటు ఇరవై రెండు వేలు అడిగాడట. డబ్బు సంగతి తర్వాత. సంతకం కోసం అతడు ఇచ్చిన దరఖాస్తు చూసి నేను ఉలిక్కిపడ్డాను. అది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, 15వ సెక్షను కింద చేసుకునే దరఖాస్తు.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. దరఖాస్తులో పైనున్న చట్టం పేరు చదవకుండా కింద సంతకం పెట్టడం మన ప్రజలకు ఎంత అలవాటో తెలుసు. ఇక్కడ ఆ అలవాటు ఖరీదు చాలా ఎక్కువ. వేరే పద్ధతిలో ముందే జరిగిన పెళ్లిని కూడా ఈ 15వ సెక్షను కింద నమోదు చేసుకోవచ్చు. ముప్పై రోజుల నోటీసు పెడతారు, అభ్యంతరాలు లేకపోతే పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ రోజు నుంచి ఆ పెళ్లి ఈ చట్టం కిందనే జరిగినట్లు లెక్క అని 18వ సెక్షను చెబుతుంది. అలాంటి దంపతుల ఆస్తి, వారి సంతానం ఆస్తి భారత వారసత్వ చట్టం ప్రకారం పంపకమవుతాయని 21వ సెక్షను చెబుతుంది. అంటే షార్జా వీసా కోసం పెట్టిన ఒక సంతకంతో ఆ ఇంటి వారసత్వ పద్ధతి షరియత్ నుంచి తప్పుకుంటుంది. తల్లికి, తండ్రికి, భార్యకు, కుమార్తెకు ఫరాయిజ్ ప్రకారం రావలసిన వాటాల లెక్క మారిపోతుంది. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియదు, అల్లుడికి తెలియదు. ఏజెంటుకు తెలుసో లేదో అల్లాహ్‌కే తెలియాలి.

అపార్థం చేసుకోవద్దు. తెలిసి, ఆలోచించి ఆ చట్టాన్ని ఎంచుకునేవారిని నేను తప్పుపట్టడం లేదు. కేరళలో 2023 మార్చిలో ఒక ముస్లిం న్యాయవాది దంపతులు తమ ఆస్తి మొత్తం కుమార్తెలకే చెందాలని బహిరంగంగా ప్రకటించి, ఈ చట్టం కిందనే తమ పెళ్లిని మళ్లీ నమోదు చేయించుకున్నారు. దానిపై పెద్దలు వాదించుకున్నారు. వాదించుకోనీయండి. వారికి తాము ఏం చేస్తున్నారో తెలుసు. నా అభ్యంతరమల్లా ఒక రబ్బరు ముద్ర కోసం, ఏమీ తెలియని కుటుంబాలను ఆ గుమ్మంలోకి నెట్టడం గురించే. వివాహ ధ్రువపత్రం కావాలంటే ఇదొక్కటే దారి అని చెప్పడం అబద్ధం.

నిజమైన దారులు వేరే ఉన్నాయి. ప్రభుత్వం నియమించిన ఖాజీ నికాహ్ చదివించినప్పుడు ఆ వివరాలు సియాహాలో ఎక్కుతాయి. తెలంగాణలో ఆ సియాహా ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. దానిమీద సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ, తర్వాత విదేశాంగ మంత్రిత్వ శాఖ, ఆ తర్వాత ఆయా దేశపు ఎంబసీ ముద్రలు వేస్తాయి. ఇంకొక దారి 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టం. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. ఇది నమోదు మాత్రమే, వారసత్వం జోలికి పోదు. గ్రామాల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిదే. పెళ్లిళ్లన్నీ నమోదు కావాలని 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సీమా కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది కూడా. మరి మన జిల్లాల్లో ఎన్ని పంచాయతీ కార్యాలయాల్లో నికాహ్‌నామా తీసుకుని వెళ్లిన జంటకు మర్యాదగా ఒక ఫారం ఇస్తున్నారు? నేను తిరిగిన చోట్ల ఎక్కువగా విన్న జవాబు "మీవి ఖాజీ దగ్గర కదా" అన్నదే. ఖాజీ దగ్గరికి వెళ్తే "రిజిస్ట్రారు దగ్గరికి" అంటారు. ఈ రెండు గుమ్మాల మధ్య ఖాళీలోనే ఏజెంటు కుర్చీ వేసుకున్నాడు.

వక్ఫ్ బోర్డు కాగితం ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడానికీ వీలులేదు. కర్ణాటకలో వక్ఫ్ బోర్డులకు వివాహ ధ్రువపత్రాలిచ్చే అధికారమిస్తూ 2023లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును 2024 నవంబరులో అక్కడి హైకోర్టు నిలిపివేసింది. రేపు ఇక్కడ ఎవరైనా అదే ప్రశ్న లేవనెత్తితే, గల్ఫ్‌లో ఉన్న కుటుంబాల కాగితాలు ఏం కావాలి? 1880 నాటి ఖాజీల చట్టం ఖాజీని నియమించమంటుందే గాని, అతనికి ఏ పరిపాలనాధికారమూ ఇవ్వదు. నూటనలభై ఏళ్లు దాటిన చట్టం మీద నేటి పాస్‌పోర్టు వ్యవహారాన్ని నిలబెట్టి చేతులు దులుపుకోవడం ప్రభుత్వానికి తగదు.

ముద్రల వరుస గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఏజెంట్ల సంపాదన మన అజ్ఞానం మీదనే ఆధారపడి ఉన్నది. విదేశాంగ శాఖ మామూలు ధ్రువీకరణకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. అపోస్టిల్‌కు యాభై రూపాయలు. కాగితాలు తీసుకునే ఏజెన్సీల సేవా రుసుము దానికి కొంత కలుస్తుంది. 2019 జనవరి నుంచి ఢిల్లీకి పంపనక్కరలేకుండా హైదరాబాద్‌లోనే ఆ ముద్ర పడుతున్నది. అపోస్టిల్ అన్నది 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ముద్ర. ఆ ఒప్పందం మన దేశంలో 2005 జూలై నుంచి అమలులో ఉంది. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013 చివర, సౌదీ అరేబియా 2022 డిసెంబరులో అందులో చేరాయి. ఆ ముద్ర ఉన్న ప్రభుత్వ పత్రానికి ఆ దేశాల ఎంబసీ ముద్ర మళ్లీ అక్కరలేదన్నదే ఒప్పందం సారాంశం. సౌదీకి పోయే పెళ్లి కాగితానికి ఎంబసీ ఖర్చు అని ఎవరైనా వేలల్లో లెక్క రాస్తే ఎందుకని నిలదీయండి. యు.ఎ.ఇ., కువైట్, ఖతార్‌లకు మాత్రం ఎంబసీ దాకా పోవలసిందే. ఒకటి మరవవద్దు. ఏ రాష్ట్రంలో కాగితం పుట్టిందో ఆ రాష్ట్ర సచివాలయమే ముందు ముద్ర వేయాలి. నిజామాబాద్ అబ్బాయికి ఆదోనిలో నికాహ్ జరిగితే ఆ కాగితం వెలగపూడికి వెళ్లాలి. 2014కు ముందు ఒకటే రాష్ట్రంగా ఉన్న మన బంధుత్వాలకు ఈ గీత అర్థం కాక ఎందరో హైదరాబాద్ నుంచి ఉత్తచేతులతో తిరిగివచ్చారు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఈ ముద్రలలో ఏదీ కాగితంలోని విషయం నిజమని చెప్పదు. కింది అధికారి సంతకం అతనిదేనని మాత్రమే చెబుతుంది. అందుకే అధికారి మారినప్పుడల్లా కొత్తవారి నమూనా సంతకాలను పై కార్యాలయానికి పంపాలి. పంపకపోతే ఆయన ఇచ్చిన ప్రతి పత్రమూ వెనక్కి వస్తుంది. పదిహేనేళ్ల కిందట మా కార్యాలయానికి కొత్త అధికారి వచ్చారు. నమూనా సంతకాల లేఖ పంపవలసినది నేను. అదే కాలంలో మా మండలం నుంచి ఒక స్త్రీ వచ్చేది. భర్త దమ్మామ్‌లో లారీ ప్రమాదంలో పోయాడు. కంపెనీ నుంచి రావలసిన జీతం బకాయి, పరిహారం అందుకోవడానికి ఆమె కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ముఖ్తార్‌నామా పంపాలి. ఆమె పత్రం హైదరాబాద్ నుంచి రెండుసార్లు తిరిగివచ్చింది, సంతకం సరిపోలలేదని. రెండుసార్లూ ఆమె నా బల్ల ముందు నిలబడింది. "మేము ఇచ్చింది సరిగ్గానే ఉందమ్మా, పై ఆఫీసులో అడుగు" అని రెండుసార్లూ పంపేశాను. నెల తర్వాత బల్ల సర్దుకుంటుంటే పాత రిజిస్టరు కింద ఆ లేఖ దొరికింది. అదే రోజు డెస్పాచ్ చేయించాను. మూడోసారి ఆమె పత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఆమెకు తెలియదు. హైదరాబాద్ ప్రయాణాలకు, నోటరీ ఖర్చులకు ఆమె వడ్డీకి అప్పు తెచ్చిందని తర్వాత విన్నాను. నేను వెళ్లి చెప్పేసరికి ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోయింది.

ఏజెంటును మాత్రమే తిట్టి ఊరుకునే వ్యాసాలు చదివినప్పుడు నాకు ఆ లేఖ గుర్తుకు వస్తుంది. వ్యవస్థ అంటే ఎక్కడో ఉన్న యంత్రం కాదు. బల్ల ముందు కూర్చున్న నావంటి మనిషి అశ్రద్ధ కూడా అందులో భాగమే.

మన ఇళ్లలో జరిగే అశ్రద్ధ తక్కువా? నికాహ్ మజ్లిస్‌లో ఖాజీ సాహెబు పేరు రాసుకునేటప్పుడు ఎవరో ఒక మామయ్య పక్కనుంచి ముద్దుపేరు చెబుతాడు. ఆధార్‌లో "బీ", నికాహ్‌నామాలో "బేగం", పాస్‌పోర్టులో రెండూ ఉండవు. షేక్ అన్నది ఇంటిపేరో, పేరులో ముందు భాగమో ఒక్కొక్క కాగితం ఒక్కొక్క రకంగా తేలుస్తుంది. ప్రవక్త పేరు పెట్టుకున్న మన పిల్లలు ఒకచోట మహమ్మద్, ఒకచోట ముహమ్మద్, ఇంకొకచోట ఉత్త ఎం.డి. అరబ్ దేశపు అధికారికి ఎం.డి. అంటే ఏమని చెప్పగలం? ఇక చాలా పల్లెల్లో ఖాజీయే రాడు. పుస్తకాల దుకాణంలో కొన్న అచ్చు ఫారం మీద మస్జిద్ ముద్ర వేసి చేతిలో పెడతారు. నికాహ్ మతరీత్యా పూర్తయినట్టే, సందేహం లేదు. కానీ ఏ సియాహాలోనూ ఎక్కని ఆ కాగితానికి సచివాలయం ముద్ర ఎలా వేస్తుంది? ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పును సాక్షుల సమక్షంలో రాసుకోవడం గురించి. ఆ ఆదేశం అందిన సమాజం మనది. మెహర్ ఎంతో కూడా పెన్సిలుతో రాయించే స్థితికి వచ్చాం.

మా పట్టణంలో ఇప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నాం. నికాహ్‌కు వారం ముందు వధూవరుల పాస్‌పోర్టు గాని, పదో తరగతి మెమో గాని మస్జిద్ కమిటీకి చూపాలి. అందులో ఉన్నట్లే పేరు రాయించాలి. మొదట్లో కొందరు పెద్దలు "పెళ్లికి పాస్‌పోర్టు ఏమిటి" అని కోపగించారు. ఆ పెద్దల్లో ఒకరి మనుమరాలి వీసా కిందటి ఏడు పేరు తేడాతో ఆరు నెలలు ఆగింది. ఇప్పుడాయనే అందరికంటే ముందు జిరాక్సు తెస్తున్నారు.

ఆ షార్జా అమ్మాయి దరఖాస్తు మీద సంతకం పెట్టలేదు. ఖాజీ సాహెబు దఫ్తర్‌లో ఆమె సియాహా దొరికింది. అదృష్టవశాత్తు పేరు సరిగ్గానే ఉంది, తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా. దానికి అఫిడవిట్ అయింది. నాంపల్లికి రెండుసార్లు, సచివాలయానికి ఒకసారి నేనూ వెంట వెళ్లాను. బస్సు చార్జీలతో సహా ఏజెంటు అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. ఎంబసీ ముద్ర కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.

ఈ లోపల మా కమిటీ తరఫున కలెక్టరు గారికి ఒక వినతిపత్రం ఇచ్చాం. నికాహ్‌నామాతో వచ్చే జంటలను 2002 చట్టం కింద నమోదు చేయాలని పంచాయతీ, మున్సిపల్ సిబ్బందికి లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వాలని అడిగాం. ప్రత్యేక వివాహ చట్టం దరఖాస్తు ఇచ్చే ముందు దాని వారసత్వ పరిణామాలను తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాలన్నాం. సచివాలయం ముద్ర కోసం జిల్లా కేంద్రంలోనే వారానికి ఒకరోజు కాగితాలు తీసుకునే ఏర్పాటు కావాలన్నాం. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి రూపాయినీ లెక్కపెట్టుకునే ప్రభుత్వానికి ఇది మోయలేని భారమేమీ కాదు. అధికారులు బదిలీ అయిన వారంలోగా నమూనా సంతకాలు పంపారో లేదో తనిఖీ చేయాలన్న నాలుగో అంశం నేను పట్టుబట్టి చేర్పించాను. కమిటీలో ఎవరికీ అది ఎందుకో అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

ఇన్‌వార్డు గుమాస్తా కాగితం తీసుకుని పక్కన పెట్టబోయాడు. రసీదు అడిగాను. ముద్ర, నంబరు, తేదీ వేయించుకుని జేబులో పెట్టుకున్నాను. ముప్పై రోజులు గడిచాక సమాచార హక్కు చట్టం కింద ఆ నంబరు మీద ఏం చర్య తీసుకున్నారని అడుగుతాను. మీ మీ జిల్లాల్లో ఇలాంటి వినతిపత్రం ఇచ్చేవారు ఉంటే నకలు ఈ పత్రిక కార్యాలయానికి పంపండి. పంపే ముందు రసీదు మాత్రం అడిగి తీసుకోండి.