ఢిల్లీ లేఖ: త్రాసుకు అందని కొవ్వు

పోషకాహారంపై పార్లమెంటు చర్చలలో పత్రికా గ్యాలరీ నుండి నేను తరచుగా వినేది పిల్లల బరువు లెక్కలే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు వారిలో 32 శాతం బరువు తక్కువవారు. ఇది ఆందోళనకరమే, కాని ఇంతటితో కథ ముగియలేదు.

2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే పిల్లల రక్తాన్ని సైతం పరీక్షించింది. 5-9 ఏళ్లవారిలో అధిక బరువు 4 శాతానికే పరిమితం. కొలెస్ట్రాల్ హెచ్చినవారు 3 శాతమే. అయితే ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు హెచ్చినవారు 34 శాతం! అమెరికాలో ఐదుగురు బాలలలో ఒకరు స్థూలకాయులు. అక్కడ ప్రమాదం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ బక్కచిక్కిన దేహంలోనే అది దాగి ఉన్నది.

శైశవంలో సన్నగా ఉండి, తరువాత బరువు పెరిగినవారే యౌవనంలో మధుమేహానికి ఎక్కువగా గురవుతున్నారని దక్షిణ ఢిల్లీలో పుట్టినవారిపై జరిగిన అధ్యయనం 2004లోనే హెచ్చరించింది. కనుక ఆకలికి ఒక ఫైలు, కొవ్వుకు మరొక ఫైలు తెరవడం తగదు. కడుపు నింపే ధాన్యంతోపాటు పప్పు, గుడ్డు, పాలు, కూరలు పిల్లల పళ్లెంలోకి చేరాలి. బరువుతోపాటు రక్తపరీక్షల వివరాలను కూడా ప్రభుత్వం సభ ముందుంచాలని సభ్యులు నిలదీయాలి.