నాలుగో ఏడాది విమానం

2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లాలో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి విమానానికి పచ్చజెండా ఊపారు. అదే రోజు కడప–హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. రాత్రంతా బస్సులోనో రైల్లోనో గడిపితే తప్ప హైదరాబాద్ చేరలేని కడప వాసులకు అది పండగే. నడిపింది ట్రూజెట్ అనే హైదరాబాద్ సంస్థ. అయిదేళ్లయినా నిండకముందే, 2022 ఆరంభంలో, ఆ విమానాలు ఆగిపోయాయి.

కడపకు ఈ దెబ్బ కొత్త కాదు. 2015 జూన్‌లో విమానాశ్రయం తెరిచినప్పుడు బెంగళూరు నుంచి వచ్చిన ఎయిర్ పెగాసస్ ఏడాదికే చేతులెత్తేసింది. ట్రూజెట్ పోయాక ఇండిగో వచ్చింది కాబట్టి సరిపోయింది. రన్‌వేకు, టెర్మినల్‌కు ఏ లోటూ లేని ఊరికి రెండుసార్లు ఇలా ఎందుకు జరిగింది? ప్రభుత్వాలు డబ్బు ఎక్కడ పెడుతున్నాయో చూస్తే అర్థమవుతుంది.

ఉడాన్‌లో నిధులకు రెండు దారులు. మొదటిది కట్టడాలకు. పాత, నిరుపయోగంగా పడివున్న విమానాశ్రయాలను బాగుచేయడానికి 2017లో కేంద్రం 4,500 కోట్లు మంజూరు చేసింది. రెండోది విమానయాన సంస్థకు. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల చొప్పున సగం సీట్లు అమ్మాలని షరతు పెట్టి, అందువల్ల వచ్చే నష్టాన్ని పూడ్చడానికి సాయం చేస్తారు. చాలా రాష్ట్రాల్లో ఇందులో 80 శాతం కేంద్ర నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి వస్తుంది. పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాలపై వేసే సుంకంతో ఆ కేంద్ర నిధి నిండుతుంది. ఆలోచన మంచిది. కానీ ఈ సాయం మూడేళ్లే.

ఉడాన్ మార్గాలు ఏమయ్యాయో 2023లో, ప్రభుత్వ పద్దులను తనిఖీ చేసే కాగ్ లెక్కతేల్చింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి, నిలబడినవి 54.

నూటికి ఏడు మార్గాలన్నమాట!

చిన్న ఊళ్లో విమానానికి జనం అలవాటు పడటానికి సమయం పడుతుంది. కడపకు దగ్గరలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి పనిచేసే వాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు కావలసింది కడప నుంచి ఏదో ఒక విమానం కాదు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్ విమానాన్ని అందుకునే వేళకు దింపే విమానం. వేళలు కుదిరి, నాలుగు నెలలు రద్దు కాకుండా నడిస్తేనే నమ్మకం పుడుతుంది. ఆ నమ్మకం కుదురుకునే దశలోనే సాయం ఒక్కసారిగా ఆపేస్తే సంస్థ లాభమొచ్చే దారికి విమానాన్ని మళ్లిస్తుంది. ప్రయాణికులు పెరుగుతున్న మార్గాలకు నాలుగో ఏట సగం, అయిదో ఏట పావు సాయం కొనసాగించవచ్చు. అందుకు బదులుగా వేళలు మార్చకూడదని, సర్వీసు రద్దు చేయకూడదని గట్టి షరతు పెట్టవచ్చు. శంకుస్థాపనలకు దొరుకుతున్న డబ్బు దీనికి దొరకకపోవడం సరికాదు.

2025 బడ్జెట్‌లో కేంద్రం పదేళ్లలో మరో 120 ఊళ్లకు విమానాలు నడుపుతామంది. కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి. ముఖ్యంగా వరంగల్‌లో.

అక్కడి నిజాం కాలపు మామునూరు విమానాశ్రయంలో 1981 తర్వాత ప్రయాణికుల విమానం లేదు. శంషాబాద్‌లోని హైదరాబాద్ విమానాశ్రయ ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఇన్నాళ్లూ అడ్డుపడింది. అది తొలగాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. మరో 253 ఎకరాల సేకరణకు తెలంగాణ ప్రభుత్వం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. ఓరుగల్లుకు ఇది న్యాయంగా రావలసినదే. అయితే హైదరాబాద్‌కు రోడ్డు మీద మూడు గంటల్లో చేరే ఊరికి హైదరాబాద్ విమానం అక్కర్లేదు. బెంగళూరు, ముంబయి, తిరుపతి లాంటి చోట్లకు నేరుగా వెళ్లేవి కావాలి. ఏ ఊళ్లకు, రోజుకెన్ని సర్వీసులు, నడపడానికి మొదటి అయిదేళ్లలో రాష్ట్రం ఏటా ఎంత భరిస్తుంది? ఈ లెక్కలు కాగితం మీద రాసి, భూమి ఇస్తున్న మామునూరు రైతులకు ముందుగా చూపించాలి.