ఇన్‌చార్జిగా పనికొచ్చినవాడు కోచ్‌గా ఎందుకు పనికిరాడు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో తాత్కాలిక కోచ్‌ల పదోన్నతి: అభిమానుల తీర్పు వెనుక ఉన్న కొలతలు

2025 నవంబర్ 22న అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో నెబ్రాస్కాపై 37-10తో గెలిచింది. ఆరోజు స్టేడియంలో అభిమానులు, ఆటగాళ్లు అట్టలు పైకెత్తి పట్టుకున్నారు. తాత్కాలిక కోచ్‌గా ఉన్న టెర్రీ స్మిత్‌ను పూర్తిస్థాయి కోచ్‌గా నియమించాలన్నది వాటి మీద ఉన్న డిమాండ్. ఆ తర్వాత కొద్ది రోజులకే యూనివర్సిటీ తన నిర్ణయం ప్రకటించింది. అయోవా స్టేట్ నుంచి మ్యాట్ క్యాంప్‌బెల్‌ను తెచ్చుకుంది. స్మిత్ కొత్త కోచ్ కింద సహాయకుడిగా కొనసాగాడు.

స్మిత్ నల్లజాతి మనిషి. పెన్ స్టేట్‌లోనే చదివి, అదే జట్టుకు ఆడి, 2014 నుంచి అక్కడే శిక్షకుడిగా పనిచేస్తున్నాడు. క్యాంప్‌బెల్ తెల్లజాతి మనిషి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి "ఇది జాతి వివక్ష" అని తేల్చేయడం సులువు. మేం ఆ పని చేయబోవడం లేదు. స్మిత్ కంటే ముందు పదకొండేళ్లకు పైగా అక్కడ హెడ్ కోచ్‌గా ఉన్న జేమ్స్ ఫ్రాంక్లిన్ కూడా నల్లజాతి వాడే. అయోవా స్టేట్‌లో పదేళ్లు జట్టును నిలబెట్టిన అనుభవం క్యాంప్‌బెల్‌కు ఉంది. కాబట్టి ఈ ఒక్క నియామకంతో ఏదీ రుజువు కాదు. కానీ ఇలాంటి నియామకాలను వరుసగా పేర్చి, ప్రతిసారీ అభిమానులు ఏ కొలతతో కొలిచారో చూస్తే మనకు బాగా తెలిసిన ఒక నమూనా బయటపడుతుంది.

ఈ ఆట ఎవరిది, పెత్తనం ఎవరిది?

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. గుండ్రటి బంతి ఉండదు, కాళ్లతో తన్నడం తక్కువ. యూనివర్సిటీ జట్ల మ్యాచ్‌లకు లక్షమంది పట్టే స్టేడియాలు నిండిపోతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునే వారిలో అందరికంటే ఎక్కువ జీతం యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌దే. గవర్నర్‌ది కాదు, వైస్ ఛాన్సలర్‌ది కాదు. మరోవైపు మైదానంలో ఒళ్లు హూనం చేసుకునే విద్యార్థులకు 2021 వరకు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా లేదు.

ఆ ఆటగాళ్లలో దాదాపు సగం మంది నల్లజాతి యువకులు. పై స్థాయి డివిజన్‌లో 130కి పైగా జట్లున్నాయి. వాటిలో నల్లజాతి హెడ్ కోచ్‌లు ఇరవై మంది కూడా లేరు. ఆ స్థాయిలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ 1979లో గానీ రాలేదు. విచిటా స్టేట్ జట్టుకు విల్లీ జెఫ్రీస్. దక్షిణాది రాష్ట్రాల ప్రతిష్ఠాత్మక లీగ్ ఎస్ఈసీలో ఆ రోజు రావడానికి 2003 డిసెంబర్ దాకా పట్టింది. అప్పుడు మిసిసిపీ స్టేట్ సిల్వెస్టర్ క్రూమ్‌ను నియమించింది. చెమటోడ్చే చోట సగం, నిర్ణయాలు తీసుకునే చోట వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఈ పిరమిడ్‌ను మన పాఠకులకు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఆరు మ్యాచ్‌ల పరీక్ష

సీజన్ మధ్యలో కోచ్‌ను తీసేసినప్పుడు సహాయకుల్లో ఒకరికి పగ్గాలు ఇస్తారు. అతనే తాత్కాలిక కోచ్. ఆటగాళ్లు అతను ఎంచుకున్నవారు కాదు. వ్యూహం, షెడ్యూల్ కూడా అతనివి కావు. చేతికొచ్చేది ఓడిపోతున్న, మనసు విరిగిన జట్టు. మిగిలేది నాలుగు నుంచి ఎనిమిది మ్యాచ్‌లు. ఆ కొద్దిపాటి ఆటను చూసి అభిమానులు తీర్పు చెబుతారు.

స్మిత్ విషయమే తీసుకుందాం. జట్టు 3 గెలిచి 3 ఓడిన దశలో పగ్గాలు అందుకున్నాడు. తర్వాతి ఆరు మ్యాచ్‌ల్లో మూడు గెలిచాడు, మూడు ఓడాడు. ఓడిన వాటిలో అయోవాతో తేడా ఒక్క పాయింటు. మిగతా రెండు అప్పటికి ఓటమి ఎరగని ఒహాయో స్టేట్, ఇండియానా జట్లతో. ఇండియానాతో తేడా మూడు పాయింట్లు. ఇదే లెక్క చూసి కొందరు అభిమానులు "చచ్చిన జట్టుకు ప్రాణం పోశాడు" అన్నారు. మరికొందరు "సగం సగమే కదా, ఇంత పెద్ద సంస్థకు కాలేజీ స్థాయిలో హెడ్ కోచ్ అనుభవం లేనివాడు చాలడు" అన్నారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. అందుకే అసలు చూడాల్సింది "అనుభవం" అనే మాట ఎవరి విషయంలో అడ్డుగోడ అవుతోంది, ఎవరి విషయంలో పక్కకు తప్పుకుంటోంది అన్నది.

క్లెమ్సన్ 2008, ఆబర్న్ 2022

2008 అక్టోబర్‌లో క్లెమ్సన్ యూనివర్సిటీలో టామీ బౌడెన్ తప్పుకున్నాడు. తాత్కాలిక బాధ్యత డాబో స్వినీకి దక్కింది. అతను తెల్లజాతి వాడు, రిసీవర్ల కోచ్. ఆట మొత్తాన్ని నడిపే కోఆర్డినేటర్ బాధ్యత అతను ఎన్నడూ చేయలేదు. అంతకుముందు రెండేళ్లపాటు కోచింగే వదిలేసి రియల్ ఎస్టేట్ వ్యాపారంలో ఉన్నాడు. ఆరు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచాడు. డిసెంబర్ 1న యూనివర్సిటీ అతన్ని పూర్తిస్థాయి కోచ్‌ని చేసింది. పెద్ద పేరు కోరుకున్న అభిమానులు పెదవి విరిచారు. రెండేళ్లు తిరిగేసరికి, 2010లో, జట్టు 6 గెలిచి 7 ఓడింది. అయినా అతన్ని ఉంచారు. తర్వాత 2016, 2018 సీజన్లలో అతను జాతీయ ఛాంపియన్‌షిప్‌లు తెచ్చాడు. ఇవాళ ఆ నియామకాన్ని దూరదృష్టికి ఉదాహరణగా చెబుతారు.

2022 అక్టోబర్ 31న ఆబర్న్ యూనివర్సిటీ బ్రయన్ హార్సిన్‌ను తొలగించింది. తాత్కాలిక బాధ్యత రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ కార్నెల్ విలియమ్స్‌కు ఇచ్చింది. అందరూ క్యాడిలాక్ అని పిలిచే ఈ మనిషి ఆ జట్టు పాత హీరో. తాత్కాలికంగానైనా ఆబర్న్ ఫుట్‌బాల్‌ను నడిపిన తొలి నల్లజాతి మనిషి అతనే. నవంబర్ 12న టెక్సస్ ఏ అండ్ ఎం‌తో మ్యాచ్. రెండు జట్లూ అప్పటికి మూడేసి గెలిచి ఆరేసి ఓడాయి. లెక్క ప్రకారం ఎవరూ పట్టించుకోకూడని మ్యాచ్. కానీ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, స్టేడియం హోరెత్తింది. ఆబర్న్ 13-10తో గెలిచింది. మొత్తం నాలుగు మ్యాచ్‌ల్లో విలియమ్స్ రెండు గెలిచాడు, రెండు ఓడాడు.

అభిమానులు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. కానీ పదోన్నతి మాట వచ్చేసరికి చాలామంది స్వరం మారింది. మనిషి మంచివాడే, కుర్రాళ్లకు స్ఫూర్తి ఇస్తాడు, కానీ ఇంకా సమయం రాలేదు అన్నారు. కోఆర్డినేటర్‌గా చేయలేదన్నారు. క్లెమ్సన్‌లో స్వినీ కూడా చేయలేదు. స్వినీ ఎక్కువ మ్యాచ్‌లు గెలిచాడు, అతనికి ఎక్కువ ఏళ్ల కోచింగ్ ఉంది; ఆ తేడాను దాచనక్కర్లేదు. కానీ విలియమ్స్ బదులు ఆబర్న్ ఎవరిని తెచ్చుకుందో కూడా చూడాలి.

ఆబర్న్ హ్యూ ఫ్రీజ్‌ను తెచ్చింది. 2017లో ఓల్ మిస్ యూనివర్సిటీ అతని వ్యక్తిగత దుష్ప్రవర్తన ఒక వరుసగా సాగిందని చెప్పగా, అతను అక్కడ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఏడాదిన్నర గడవకముందే లిబర్టీ యూనివర్సిటీ మళ్లీ హెడ్ కోచ్ కుర్చీ ఇచ్చింది. అక్కడి నుంచి ఆబర్న్. అభిమానుల్లో కొందరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. చాలామంది "గెలిపిస్తాడు కదా" అని సర్దుకున్నారు. విలియమ్స్ అతని కింద సహాయకుడిగా పనిచేసి 2024 జనవరిలో వెళ్లిపోయాడు. ఫ్రీజ్ 15 గెలిచి 19 ఓడాక, 2025 నవంబర్ 2న ఆబర్న్ అతన్నీ తొలగించింది.

విలియమ్స్ అయితే గెలిపించేవాడని మేం అనడం లేదు. అది ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ విషయం. స్వినీ సంగతీ 2008లో ఎవరికీ తెలియదు. ఒక మనిషిలో తెలియనిదాన్ని జనం భవిష్యత్తుగా చదివారు, మరొకరిలో ప్రమాదంగా చదివారు.

ఓడిపోయే అవకాశం

కోచ్ మెరిట్ గురించి మాట్లాడేవారు గెలుపోటములు లెక్కపెడతారు. అతనికి ఎంత సమయం ఇచ్చారన్నది లెక్కపెట్టరు. నోటర్ డేమ్ యూనివర్సిటీని చూడండి. నల్లజాతి కోచ్ టైరోన్ విల్లింగ్‌హామ్‌ను 2004లో మూడు సీజన్లకే తీసేశారు. అతను 21 గెలిచి 15 ఓడాడు. అతని తర్వాత వచ్చిన తెల్లజాతి కోచ్ చార్లీ వైస్‌కు తొలి సీజన్ సగంలోనే పదేళ్ల ఒప్పందం రాసిచ్చారు. అతను ఐదు సీజన్లలో 35 గెలిచి 27 ఓడాడు. శాతం లెక్కన విల్లింగ్‌హామ్‌దే కాస్త పైచేయి.

ఎడ్ ఓర్జెరాన్ కథ ఇంకా విచిత్రం. 2013లో యూఎస్‌సీలో తాత్కాలిక కోచ్‌గా 8లో 6 గెలిచినా ఆ కుర్చీ ఇవ్వలేదు. అతను తెల్లజాతి వాడే. అంటే తాత్కాలిక కోచ్‌కు అన్యాయం జరగడానికి నల్లగా పుట్టనక్కర్లేదు. కానీ అతనికి తలుపు మళ్లీ తెరుచుకుంది. 2016లో ఎల్ఎస్‌యూలో తాత్కాలికుడై, ఆ సీజన్ చివర్లోనే పూర్తిస్థాయి కోచ్ అయ్యాడు. మరుసటి ఏడాది ట్రాయ్ లాంటి చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో ఓడితే అభిమానులు దుమ్మెత్తిపోశారు. అయినా ఉంచారు. 2019లో పదిహేనుకు పదిహేను గెలిచి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. స్వినీకి 2010 ఉంది, ఓర్జెరాన్‌కు ట్రాయ్ మ్యాచ్ ఉంది. ఓడినా కుర్చీలో మిగలగలగడం వల్లే వాళ్ల ప్రతిభ లోకానికి కనపడింది.

ఒకరి తప్పు ఎవరి ఖాతాలో?

నల్లజాతి తాత్కాలిక కోచ్‌కు పదోన్నతి దక్కిన సందర్భమూ ఉంది. 2023లో మిషిగన్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉండగా షెరోన్ మూర్ జట్టును నడిపాడు. నవంబర్‌లో పెన్ స్టేట్, మేరీలాండ్, ఒహాయో స్టేట్ మూడింటినీ ఓడించాడు. హార్బా వెళ్లిపోయాక, 2024 జనవరి 26న మిషిగన్ చరిత్రలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యాడు. 2025 డిసెంబర్ 10న యూనివర్సిటీ అతన్ని తొలగించింది. సిబ్బందిలో ఒకరితో అనుచిత సంబంధానికి నమ్మదగిన ఆధారాలు దొరికాయని ప్రకటించింది.

కింది ఉద్యోగి మీద అధికారం ఉన్నవాడు ఆ అధికారాన్ని దాటి ప్రవర్తిస్తే శిక్ష పడాలి. అందులో జాతి పేరు చెప్పి మినహాయింపు కోరే హక్కు ఎవరికీ లేదు. మహిళల పక్షాన నిలబడని సమానత్వం మనకు అక్కర్లేదు. అయితే ఆ తప్పు మూర్ ఖాతాలో పడాలి. తర్వాత రాబోయే నల్లజాతి సహాయకుడి దరఖాస్తు మీద పడకూడదు. ఫ్రీజ్ రాజీనామా చేసినప్పుడు "ఇక తెల్లజాతి కోచ్‌లను నమ్మలేం" అని ఎవరూ అనలేదు. అతనికి మరో రెండు కుర్చీలు దొరికాయి. మూర్ తర్వాత వచ్చేవారికి ఎంత తలుపు తెరిచి ఉంటుందో చూడాలి.

మన దగ్గర ఈ మాటకు పేరుంది

ఈ కథలు మన కార్యకర్తలకు, విద్యార్థులకు ఎందుకు? అక్కడి "ఇంటరిమ్" మన దగ్గర "ఇన్‌చార్జి", "ఎఫ్ఏసీ". దళిత అధ్యాపకుడు శాఖను ఇన్‌చార్జిగా ఏళ్ల తరబడి నెట్టుకొస్తాడు. ఫైళ్లు కదుపుతాడు, గొడవలు సర్దుతాడు. రెగ్యులర్ పోస్టు ఇంటర్వ్యూకి వెళితే "నాట్ ఫౌండ్ సూటబుల్" అన్న ముద్ర పడుతుంది. ఆ తర్వాత కొత్తగా వచ్చినవారికి పని నేర్పే బాధ్యత కూడా అతనిదే అవుతుంది. స్మిత్, విలియమ్స్ తమ తర్వాత వచ్చిన కోచ్ కిందే పనిచేశారన్న వార్త చదివినప్పుడు మనలో చాలామందికి ఎవరో ఒకరు గుర్తొస్తారు.

అమెరికా జాతి వ్యవస్థ, మన కుల వ్యవస్థ ఒకటి కావు. ఇక్కడి అంటరానితనం, అక్కడి బానిస సంత, రెండింటి చరిత్రలూ వేరు. కానీ పదోన్నతి దగ్గర వినిపించే భాష దగ్గరగా ఉంటుంది. మన రాజ్యాంగంలో పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు 16(4ఏ) అధికరణ 1995లో వచ్చింది. 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే, పరిపాలనా సామర్థ్యం దెబ్బతినకూడదన్న షరతు ముందు పెట్టింది. అదే మనిషి కింది పోస్టులో, ఇన్‌చార్జి పోస్టులో పనిచేస్తున్నంత కాలం సామర్థ్యం ప్రశ్న రాదు. పైమెట్టు ఎక్కబోయేటప్పుడే వస్తుంది.

అయితే ఏం అడగాలి?

అమెరికాలో ఒక చిన్న దారి ఉంది. వృత్తి ఫుట్‌బాల్ లీగ్ 2003లో రూనీ రూల్ తెచ్చింది. హెడ్ కోచ్ ఖాళీ వస్తే మైనారిటీ అభ్యర్థిని తప్పక ఇంటర్వ్యూ చేయాలి. కాలేజీలకు అలాంటి దేశవ్యాప్త నిబంధన లేదు. ఒరెగాన్ రాష్ట్రం మాత్రం 2009లో తన ప్రభుత్వ యూనివర్సిటీలకు చట్టం చేసింది. ఇంటర్వ్యూ అంటే ఉద్యోగం కాదు. మొక్కుబడిగా పిలిచి పంపేయవచ్చు. ఆ లోపం రూనీ రూల్ అనుభవంలోనే బయటపడింది. అందుకే ఇంటర్వ్యూ గది తలుపుతో ఆగకుండా మూడు ప్రశ్నలు ముందే రాతపూర్వకంగా అడగాలి. తాత్కాలిక బాధ్యతలో ఉన్నవారిని ఏ కొలతతో కొలుస్తారు? అదే కొలత బయటి అభ్యర్థికీ వర్తిస్తుందా? నియమించాక ఎంతకాలం సమయం ఇస్తారు?

పెన్ స్టేట్‌లో అట్టలు ఎత్తిన ఆటగాళ్లు, అభిమానులు తాము కోరుకున్నది సాధించలేదు. కానీ నిర్ణయం జరగకముందే బహిరంగంగా డిమాండ్ పెట్టారు. నియామకం అయిపోయాక బాధపడటానికీ దీనికీ తేడా ఉంది. మన క్యాంపస్‌లలో ఇన్‌చార్జిల పాలన నడుస్తున్న ప్రతి శాఖలో విద్యార్థి సంఘాలు ఈ మూడు ప్రశ్నలను నోటిఫికేషన్ రాకముందే అడగవచ్చు. జవాబు కాగితం మీద తీసుకుంటే, రేపు ఎవరినైనా "సూటబుల్ కాదు" అన్నప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి చూపించవచ్చు.